ఆఫీస్ క్యాంటీన్‌కి రైతుల దగ్గర కొనాలా? ముందు అకౌంట్స్ సెక్షన్‌లో కూర్చోండి

మీ ప్రశ్న చదివా. గచ్చిబౌలిలో ఆఫీసు, రోజూ నాలుగు వందల మంది లంచ్, హెచ్ఆర్ వాళ్ళేమో చుట్టుపక్కల రైతుల దగ్గర మందులు తక్కువ కొట్టిన కూరగాయలు కొందాం అంటున్నారు, ఎక్కడ మొదలుపెట్టాలి, ఖర్చు ఎంత పెరుగుతుంది అని అడిగారు. నేను చేవెళ్ల రోడ్డు మీద ఒక ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీ హాస్టల్లో ఆరేళ్ళు మెస్ ఇన్‌ఛార్జిగా చేశా, 550 మంది పిల్లలు, మూడు పూటలా భోజనం. కాలేజీ పేరు అడక్కండి, కింద మా ఆఫీసుకి కొంచెం తిట్లు కూడా ఉన్నాయి.

మాకు ఈ బుద్ధి ఎలా పుట్టిందంటే, ఒకరోజు పొద్దున్నే మా వెండర్ ట్రాలీ ఆటోలోంచి టమాటా క్రేట్లు దింపుతుంటే ఒక క్రేటు మీద మార్కర్‌తో ఊరి పేరు రాసుంది. ఆ ఊరు మా గేటుకి ఆరు కిలోమీటర్లు. అంటే ఆ టమాటా నిన్న మధ్యాహ్నం అక్కడ తెంపి, రాత్రి గుడిమల్కాపూర్ మార్కెట్‌కి పోయి, కమిషను, హమాలీ, తరుగు అన్నీ పోగొట్టుకుని, తెల్లారేసరికి మా వెండర్ చేతిలో పడి, మళ్ళీ అదే మర్రిచెట్ల రోడ్డు మీద వెనక్కొచ్చి మా కిచెన్లో దిగింది. నాకు నవ్వొచ్చింది, తర్వాత బిల్లు చూస్తే రాలేదు.

ఆ ఆదివారం స్కూటీ వేసుకుని ఆ ఊరికే పోయా. రైతులు దొరకడం ఏం కష్టం కాదండీ, అడిగితే పది మంది చుట్టూ చేరారు. ఒక పెద్దాయన మాత్రం అన్నీ విని ఒక్కటే అడిగాడు, "పైసలెప్పుడిస్తరు మేడం?" అని. మా దగ్గర బిల్లు పెడితే రెండు నెలలు అని నిజం చెప్పా. ఆయన "గుడిమల్కాపూర్ల రెండ్రూపాయలు తక్కువొచ్చినా తక్‌పట్టీ (అమ్మకం చీటీ) చేతుల పెడ్తరు, పైసలు గూడ అప్పుడే. కూలోళ్ళు పొద్దుమూకంగనే అడుగుతరు. మీకు రెండు నెలలు ఉద్దెర పెడితే నేను యాడికెళ్లి తేవాలె?" అన్నాడు. ఇంక మాట్లాడటానికి ఏముంది.

అందుకే చెప్తున్నా, మీరు రైతుల కోసం వెతికే ముందు మీ అకౌంట్స్ వాళ్ళతో ఒక పూట కూర్చోండి. మా దగ్గర ఈ పని అవ్వడానికి ఐదు నెలలు పట్టింది, అందులో నాలుగు నెలలు ఆఫీసులోనే. వెండర్ రిజిస్ట్రేషన్ ఫారం నింపాలి, మూడు కొటేషన్లు కావాలి, జీఎస్టీ నంబర్ కావాలి అని. అయ్యా తాజా కూరగాయల మీద జీఎస్టీయే లేదు, రైతుకి నంబర్ ఎక్కడిది అంటే, ఆ కాలమ్ ఖాళీగా వదిలితే సిస్టమ్ తీసుకోదు అన్నారు. నగదు ఇద్దామంటే ఒకరికి రోజుకి పదివేలు దాటకూడదు అని ఇంకో అడ్డం. దీనికి మా ఆడిటర్ గారే దారి చూపించారు, పండించిన రైతు దగ్గర నేరుగా పంట కొంటే ఆ నగదు లిమిట్‌కి మినహాయింపు ఉందట, అప్పటి ఇన్‌కంటాక్స్ రూల్స్‌లో 6డీడీ అనేవారు. మీ ఆడిటర్ని కూడా అదే మాట అడగండి. చివరికి మేం నగదు కాకుండా, 40 వేల ఇంప్రెస్ట్ (ఖర్చులకి ముందే పక్కన పెట్టే డబ్బు) ఒకటి పెట్టించుకుని, ప్రతి శనివారం సాయంత్రం రైతు బ్యాంకు అకౌంట్లో వేసేలా ఒప్పించాం. ఆ శనివారం పేమెంటు ఒక్కటి ఆపకుండా చేసినన్నాళ్ళు మాకు సరుకు ఆగలేదు. ఒకసారి సెమిస్టర్ సెలవుల్లో క్లర్కు లీవులో పోయి రెండు వారాలు పడలేదు, మూడో వారం పాలకూర కట్టలు సగానికి సగం తగ్గిపోయి వచ్చాయి. ఎవరూ ఏం అనలేదు, కట్ట మాత్రం చిక్కిపోయింది.

రేటు సంగతి. మేం మెహదీపట్నం రైతు బజార్ బోర్డు మీద ఆరోజు ఏ రేటుంటే ఆ రేటు, సరుకు మా గేటు దగ్గర దింపాలి అని పెట్టుకున్నాం. వెండర్ మాకు వేసే రేటు కంటే అది తక్కువ, రైతుకి మార్కెట్లో చేతికొచ్చే దానికంటే ఎక్కువ, ఇద్దరికీ గొడవ లేదు. 1999లో రైతు బజార్లు పెట్టినప్పటి నుంచీ ఆ బోర్డు సిటీలో అందరికీ తెలిసిందే కదా, ఎవరూ మోసం అనరు. దాంతోపాటు, మార్కెట్ ఎంత పడిపోయినా ఇంతకంటే తక్కువ ఇవ్వం అని ఒక అడుగు రేటు కూడా రాసుకోవాలి. మొదట్లో మేం తెలివి ఎక్కువై టమాటాకి ఏడాదంతా ఒకటే రేటు అని రాసుకున్నాం. 2023 జూలైలో టమాటా కిలో వంద దాటి పోయిందే, గుర్తుందా, అప్పుడు మా రైతు ఫోన్ ఎత్తడం మానేశాడు. తప్పు ఆయనది అనలేను, నేనైనా అదే చేసేదాన్ని. ఆ నెలంతా చారు చింతపండుతోనే కాచాం.

తర్వాత మెనూ. ఇది చాలామంది పట్టించుకోరు గానీ అసలు తాళం ఇక్కడే ఉంది. మా మెనూలో సోమవారం బీన్స్, మంగళవారం క్యారెట్, గురువారం క్యాబేజీ అని ఏడాది పొడుగునా అచ్చేసి గోడకి అతికించి ఉండేది. మే నెలలో బీన్స్ ఎవడు పండిస్తాడండీ ఇక్కడ? దాన్ని తీసేసి "పప్పులో ఆకుకూర", "తీగ కూర", "ఆనాటి వేపుడు" అని రాయించా. తీగ కూర అంటే ఆరోజు బీరకాయ వస్తే బీరకాయ, సొరకాయ వస్తే సొరకాయ. ఆకుకూర అంటే తోటకూర, బచ్చలి, గోంగూర ఏదైనా. పిల్లలు మొదటి వారం గొణిగారు, తర్వాత మర్చిపోయారు.

వంకాయ మాత్రం మమ్మల్ని ఏడిపించింది. మందులు తక్కువ కొడతాం అన్న రైతు దగ్గర తీసుకున్నాం, పైకి బాగానే ఉన్నాయి, నలభై కిలోలు. కోస్తే ప్రతి నాలుగైదు కాయల్లో ఒకటి పుచ్చు. వంట మాస్టర్ ఒక కాయ సగానికి కోసి నా ముందు బల్ల మీద పెట్టి, లోపల తెల్ల పురుగు కదులుతుంటే, "మేడం, ఇది ఇంటి వంట కాదు, ఒక్కో కాయ విప్పి చూడటానికి" అన్నాడు. ఆయన చెప్పిందీ నిజమే, అయినా గుత్తి వంకాయే చేయించా ఆరోజు, బుద్ధి లేక. రాత్రికి హాస్టల్ వాట్సాప్ గ్రూపులో పురుగుతో సహా ఫోటో. వార్డెన్ గారు వారం రోజులు రైతుల కూరగాయలే బంద్ చేయించారు. ఆ తర్వాత రూల్ ఏం పెట్టుకున్నామంటే వంకాయ నిలువు ముక్కలే, పెద్ద గంగాళంలో ఉప్పు నీళ్ళు పెట్టి అందులోకే కోయాలి, ఇద్దరు ఆడవాళ్ళకి పొద్దున ఒక గంట ఓవర్‌టైమ్. ఖర్చు పెరుగుతుందా అన్నారు కదా, పెరిగేది ఇక్కడ. సరుకు రేటు కంటే ఏరడం, తొక్క తీయడం, కడగడం దగ్గర కూలి పెరుగుతుంది. అది ఎవరూ బడ్జెట్లో వేయరు.

ఈ కూలి కూడా కలుపుకుంటే మా కూరగాయల ఖర్చు మొదటి మూడు నెలలు దాదాపు పదో వంతు పెరిగింది, దాచడం ఎందుకు. దాన్ని వేరే చోట పూడ్చుకున్నాం. ఒక వారం పాటు ప్లేట్లలో వదిలేసిన అన్నం కూర బకెట్లు తూచా, రోజుకి 60 కిలోల పైన. అందులో సగం అన్నమే. గరిటె చిన్నది చేసి, కావాలంటే మళ్ళీ వచ్చి పెట్టించుకోండి అన్నాం, అంతే, 40కి దిగింది. బియ్యం బస్తాలు తగ్గాయి, ఆ డబ్బు ఓవర్‌టైమ్‌కి సరిపోయింది.

మీకు నా సలహా అయితే కూరగాయలతో మొదలుపెట్టొద్దు, కందిపప్పుతో పెట్టండి. పాడవదు, ఏరే పని లేదు, ఏడాదికి ఒకటి రెండు సార్లు కొంటే చాలు. తాండూరు కంది మనకి దగ్గరే, దానికి జీఐ ట్యాగ్ (ఆ ప్రాంతపు ప్రత్యేక పంట అనే ప్రభుత్వ గుర్తింపు) కూడా ఉంది. పంట ఇళ్ళకొచ్చాక అటువైపు ఎఫ్‌పీఓ, అంటే రైతులే కలిసి పెట్టుకున్న కంపెనీ, వాళ్ళ దగ్గర మాట్లాడుకుంటే సరి. తర్వాత బియ్యం. రాజేంద్రనగర్ వ్యవసాయ వర్సిటీ వాళ్ళ తెలంగాణ సోనా, ఆర్‌ఎన్‌ఆర్ 15048, సన్నగా ఉంటుంది పిల్లలకి నచ్చింది, కాకపోతే కొత్త బియ్యం తీసుకున్నారో అన్నం ముద్ద ముద్ద, ఆరు నెలలు పాతబడ్డవే అని ఆర్డర్లో రాయండి. ఉల్లిగడ్డ, ఆలుగడ్డ జోలికి పోకండి, మలక్‌పేట నుంచో బోయిన్‌పల్లి నుంచో వెండరే తెస్తాడు, అన్నీ లోకల్ కావాలని పట్టుపడితే పని మధ్యలో ఆగిపోతుంది. జొన్న రొట్టెలు కూడా ట్రై చేశాం, 550 మందికి చేత్తో రొట్టె కొట్టడం ఎవరి తరం, రెండు గురువారాలు చేసి వదిలేశాం. కొర్ర ఉప్మా మాత్రం నిలబడింది.

ఇంకోటి, క్యాంటీన్లో "ఆర్గానిక్" అని బోర్డు పెట్టకండి. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) రూల్స్ ప్రకారం ఆ మాట వాడాలంటే ఎన్‌పీఓపీ (బయటి ఏజెన్సీ తనిఖీ చేసి ఇచ్చేది) సర్టిఫికెట్ అన్నా పీజీఎస్ అన్నా ఉండాలి. పీజీఎస్ అంటే ఐదారుగురు రైతులు గ్రూపు కట్టి ఒకరి పొలం ఒకరు చూసుకుని సంతకం పెట్టేది, చిన్న రైతుకి అందుబాటులో ఉండేది అదే. అది లేకపోతే ఊరి పేరు రాయండి చాలు, "ఈరోజు పాలకూర ఫలానా ఊరిది" అని. మేం బోర్డు మీద సుద్దముక్కతో రాసేవాళ్ళం.

బ్రెజిల్లో 2009లో చట్టమే చేశారు, స్కూలు భోజనాలకి కేంద్రం ఇచ్చే డబ్బులో అప్పట్లో కనీసం 30 శాతం చిన్న కుటుంబ రైతుల దగ్గరే కొనాలని, దానికి మామూలు టెండరు అక్కర్లేదని. ఆ రెండో ముక్కే నాకు నచ్చింది. టెండర్లో తక్కువ రేటు వేసినోడిదే ఆర్డరు అంటే రెండెకరాల రైతు ఎప్పటికీ గెలవడు. మీది ప్రైవేటు ఆఫీసు కాబట్టి ఆ తలనొప్పి లేదు.

మీకున్న తలనొప్పి వేరే. మీ క్యాంటీన్ కాంట్రాక్టరుది అయ్యుంటుంది, కొనేది అతను, మీరు కాదు. ప్లేటుకి ఇంత అని మీరు కట్టేస్తారు, అతను ఎక్కడ చవగ్గా ఉంటే అక్కడ కొంటాడు. అతన్ని బతిమాలినా లాభం లేదు, అగ్రిమెంట్‌లో రాయాలి. కందిపప్పు, బియ్యం, ఆకుకూరలు, తీగ కూరలు ఈ నాలుగూ కంపెనీ చూపించిన చోటే కొనాలి, వాటి డబ్బు కంపెనీయే వారం వారం నేరుగా రైతుకి వేసి ప్లేటు రేటులోంచి మినహాయించుకుంటుంది అని. మా పక్క కాలేజీ వాళ్ళతో కలిసి మేం ఒకే ట్రాలీ తెప్పించుకునేవాళ్ళం, మీ బిల్డింగ్‌లో ఇంకో రెండు ఆఫీసులున్నా కలుపుకోండి, అంత దూరం బండి సగం లోడుతో ఎవరూ రారు. మీ కాంట్రాక్టు రెన్యువల్ ఏ నెలలో ఉందో చెప్పండి, మేం రైతులతో రాసుకున్న రేటు కాగితం నా దగ్గర ఎక్కడో ఉండాలి, పేర్లు కొట్టేసి ఫోటో పెడతా.