వానలో తీరం వెంట నడక: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మేం 11 మందిమి. తీరం వెంట 18 కిలోమీటర్లు నడవాలని మూడు నెలల క్రితమే అనుకున్నాం. తీరా వారం ముందు చూస్తే ఆ రోజంతా వానే అంటున్నారు. కొందరు "తడిస్తే తడుస్తాం, అదే మజా" అంటున్నారు, కొందరు మెసేజ్ చూసి కూడా నోరు విప్పడం లేదు. ఏర్పాట్లన్నీ నావే కాబట్టి టెన్షన్ కూడా నాదే. వెళ్లమంటారా, మానేయమంటారా?
(పేరు వేయొద్దు ప్లీజ్)

జవాబు: వాన సంగతి తర్వాత. ఆ రోజు పోటు ఎన్ని గంటలకో చూశారా? మీ ఉత్తరంలో కిలోమీటర్లున్నాయి, మనుషుల లెక్క ఉంది, వాన కబురు ఉంది, అదొక్కటే లేదు. తీరం వెంట నడిచేవాళ్లని ఇరుకులో పెట్టేది చాలాసార్లు అదే.

చాలా తీరాల్లో రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటు నుంచి ఆటుకి సుమారు 6 గంటల 12 నిమిషాలు. రోజురోజుకీ ఈ వేళలు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతాయి, కాబట్టి పోయిన వారం ఎవరో పదింటికి ఆ రాళ్ల మలుపు దాటారని మీరూ పదింటికి దాటగలరని లేదు. అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ, ఆ తర్వాత ఒకటి రెండు రోజులూ నీళ్లు మామూలు కంటే పైకి వస్తాయి. ఇంకో తిరకాసు ఏంటంటే నీళ్లు ఒకే వేగంతో పెరగవు, మొదటి గంట కదిలీ కదలనట్టు ఉండి మూడో గంటా నాలుగో గంటా కలిపి మొత్తం పెరుగుదలలో దాదాపు సగం తెచ్చేస్తాయి. "ఇందాకట్నుంచీ ఇక్కడే ఉన్నాయిగా" అని కూర్చున్నవాళ్లు అక్కడే దెబ్బతింటారు.

వానకీ దీనికీ సంబంధం లేదనుకోకండి. గాలి పీడనం ఒక మిల్లీబారు తగ్గితే సముద్ర మట్టం సుమారు ఒక సెంటీమీటరు లేస్తుంది, ఒడ్డు వైపు వీచే గాలి దాన్ని ఇంకా పైకి నెడుతుంది. ఆటుపోట్ల వేళలూ ఎత్తులూ వేసే పట్టికలో ఉన్న ఎత్తు మామూలు వాతావరణానికి కట్టిన లెక్క. అందుకని వాన రోజున పట్టికని నమ్మండి గానీ అంచుదాకా నమ్మకండి, ఇరుకైన చోట్లని నీళ్లు ఇంకా వెనక్కి తగ్గుతుండగానే దాటేయండి.

నాకు ఇది పుస్తకాల్లోంచి వచ్చిన తెలివి కాదు. ఒకసారి మేం తొమ్మిది మందిమి, కొండ సముద్రంలోకి పొడుచుకొచ్చిన చోట, మా ముందు నడిచే ఆయన "ఇంకో పది నిమిషాలు, అయిపోయింది" అంటే సరేనన్నాం. అవతల మలుపులో నీళ్లు, వెనక్కి తిరిగితే అక్కడా నీళ్లు. ఎత్తుగా ఉన్న ఒక బండ మీద ఐదు గంటలు వానలో కూర్చున్నాం, ఎవరూ ఎవరితోనూ పెద్దగా మాట్లాడలేదు. తర్వాత తెలిసిందేంటంటే మాలో నలుగురికి ముందే అనుమానం వచ్చిందట. అడగలేదు కాబట్టి చెప్పలేదట!

మీ గ్రూపులో మాట్లాడనివాళ్లు నాకు గుర్తుచేసింది వాళ్లనే. గ్రూపులో అడగడం మానేసి ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి, "నువ్వు రాకపోయినా ఏం అనుకోను" అని మీరే ముందు అనేయండి. వెనక్కి తిరిగే టైమ్ కూడా ఇంటి దగ్గరే ఖాయం చేసుకోండి, ఒంటిగంటకి ఫలానా చోటికి చేరకపోతే తిరుగు ముఖం పట్టడమే అని. తడిసి, అలిసి, గమ్యం కంటికి కనిపిస్తున్నప్పుడు పదకొండు మంది కూర్చుని మంచి నిర్ణయం తీసుకోవడం జరిగే పని కాదు.

ఇక మీ ప్రశ్న. ఉరుములతో వాన అన్నారంటే మానేయండి, చర్చ వద్దు, ఎందుకంటే ఖాళీ ఇసుకలో అందరికన్నా ఎత్తుగా ఉండేది మీ తలే. దారిలో ఉండగా మెరుపు కనిపిస్తే లెక్కపెట్టండి, ఉరుము 30 సెకన్లలోపు వినబడితే పిడుగు దాదాపు 10 కిలోమీటర్లలోపే ఉన్నట్టు. వెంటనే ఏదైనా భవనంలోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత అరగంట ఆగాకే బయటికి రండి. ఒంటరి చెట్టు కిందికి మాత్రం వద్దు.

ఉరుముల్లేని మామూలు వానైతే వెళ్లండి, కానీ 18 తగ్గించి, మధ్యలో రోడ్డెక్కడానికి దారులున్న భాగం ఎంచుకోండి. మెత్తటి ఇసుకలో నడవడానికి గట్టి నేల మీదకన్నా రెట్టింపు పైగా శక్తి ఖర్చవుతుంది, పైగా పోటు వస్తే తడి గట్టి ఇసుక మునిగిపోయి మీకు మిగిలేది ఆ మెత్తటిదే. కొండచరియ కింద టిఫిన్ డబ్బాలు విప్పకండి, వాన నానిన మట్టి వాన ఆగిన తర్వాత కూడా జారుతుంది. సముద్రంలో కలిసే వాగు ఎర్రగా పొంగుతుంటే, అడుగు కనబడకపోతే, దాటొద్దు. మోకాలి లోతు నీళ్లే కదా అనిపిస్తుంది, వేగం ఉంటే ఆ లోతే మనిషిని పడేస్తుంది.

ప్రశ్న: గొడుగా, రెయిన్‌కోటా? జీన్స్ వేసుకోవచ్చా?

జవాబు: సముద్రపు గాలికి గొడుగు రెండు నిమిషాల్లో తిరగబడుతుంది. రెయిన్‌కోటే. జీన్స్ వద్దే వద్దు, నీళ్లు పీల్చి బరువెక్కి ఎంతకీ ఆరవు. బ్యాగు పైన కవర్ కన్నా లోపల ఒక మందపాటి ప్లాస్టిక్ సంచి మేలు, గాలికి ఎగిరిపోదు. అందులో పొడి సాక్స్ ఒక జత విడిగా పెట్టుకోండి. ఫోన్ సంగతి కూడా చెప్పాలి, తడి వేళ్లకి స్క్రీన్ మాట వినదు, కాబట్టి దారి మ్యాపు ఒకటి కాగితం మీద ఉంచుకోండి.

ప్రశ్న: నేను నెమ్మదిగా నడుస్తాను. వాళ్లు ముందెళ్లి నాకోసం ఆగుతారు, నేను రొప్పుకుంటూ చేరగానే లేచి బయల్దేరతారు. అంటే నాకు తప్ప అందరికీ రెస్ట్! ఇది అన్యాయం కాదా?

జవాబు: అన్యాయమే, వానలో ప్రమాదం కూడా. మిమ్మల్ని ముందు నడిచేవాళ్ల వెనకే రెండో మనిషిగా పెట్టమనండి, అప్పుడు అందరి వేగం మీ వేగమవుతుంది. దారి తెలిసిన గట్టి మనిషి ఒకరు ఆఖర్న ఉండాలి. ఆగినప్పుడల్లా తలలు లెక్కపెట్టాలి, ఆఖరి మనిషి కూర్చున్నాకే విశ్రాంతి టైమ్ మొదలవ్వాలి.

ఇది మీ ఫ్రెండ్స్‌కి చదివి వినిపించండి: తడి బట్టలూ గాలీ కలిస్తే 10 డిగ్రీల పైన కూడా ఒంట్లో వేడి ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఆగని వణుకు, మాట ముద్దగా రావడం, జిప్పు పెట్టుకోలేక వేళ్లు తడబడటం, ఊరికే చిరాకు పడటం, ఇవి కనిపిస్తే "బద్ధకం" అని ఆటపట్టించకుండా గాలి తగలని చోట కూర్చోబెట్టి, పొడి బట్టలు మార్చి, వెచ్చగా కప్పి, సాయం కోసం ఫోన్ చేయాలి. వెనకబడిన మనిషిలో ఇవి ఎవరికీ కనబడవు, వెనక ఎవరూ లేకపోతే.

ప్రశ్న: తడిసిన బూట్లు పొయ్యి దగ్గర ఆరబెడితే?

జవాబు: జిగురు ఊడి అడుగు విడిపోతుంది. ఇన్‌సోల్ తీసేసి, లోపల కాగితం కుక్కి, గాలి ఆడే చోట పెట్టండి, కాగితం తడిసినప్పుడల్లా మార్చండి. దినపత్రిక వాడండి. మా పత్రిక కాగితం నున్నగా ఉంటుంది, నీళ్లు పీల్చదు.