అమ్హారిక్ పదాల మీద ద్విత్వ చుక్కలు: సెర్చ్‌లో దొరకవు, పక్కకి జారతాయి. ఎందుకు?

మీ అమ్హారిక్–తెలుగు పదకోశంలో అక్షరం నెత్తిన రెండు చుక్కలు (ఆ అక్షరాన్ని ఒత్తి పలకాలని చెప్పే ద్విత్వ గుర్తు) కొన్నిచోట్ల సరిగ్గా కూర్చుంటున్నాయి, కొన్నిచోట్ల పక్కకి జారుతున్నాయి, సెర్చ్‌లో కొన్ని పదాలు అసలు రావడం లేదు అన్నారు. చాలావరకు ఇది ఒకేలా కనబడే రెండు వేరు వేరు కోడ్‌లు డేటాలో కలిసిపోవడం వల్ల వచ్చే చిక్కే.

అమ్హారిక్ రాసే ఇథియోపిక్ లిపి యూనికోడ్‌లోకి (ప్రతి అక్షరానికీ ఒక అంకె ఇచ్చే ప్రమాణం) 1999లో, 3.0 వెర్షన్‌తో వచ్చింది. ద్విత్వ గుర్తు మాత్రం 2005లో 4.1తో చేరింది: దశాంశంలో 4959, హెక్స్‌లో 135ఎఫ్. అచ్చం ఇలాగే కనబడేది లాటిన్ అక్షరాల మీద పెట్టే రెండు చుక్కలు, 776. నార్మలైజ్ చేస్తే (ఒకే అక్షరానికున్న వేరు వేరు కోడ్ రూపాల్ని ఒకటి చేస్తే) రెండూ ఒకటైపోతాయని అనుకోకండి, యూనికోడ్ లెక్కలో వాటికి చుట్టరికం లేదు.

ముందు ఒక పదాన్ని అంకెల్లో చూడండి. 4768, 4616 అంటే 'అలె', అన్నాడు. 4768, 4616, 4959 అంటే 'అల్లె', ఉన్నాడు. మనం తెలుగులో ఒత్తు కోసం ల, పొల్లు, మళ్లీ ల కొడతాం. అమ్హారిక్‌లో అక్షరం మళ్లీ రాదు, ఒత్తి పలికే అక్షరం వెనకాలే గుర్తు వస్తుంది. గుర్తు ముందు పడితే అంతకు ముందున్న అక్షరానికి అతుక్కుంటుంది, పదం మొదట్లో అయితే చుక్కల సున్నా కనబడుతుంది. కీబోర్డులో దొరక్కపోతే హెచ్‌టీఎంఎల్‌లో & గుర్తు, #, 4959, సెమికోలన్ వరసగా ఖాళీ లేకుండా రాయండి.

776ని 4959గా మార్చేటప్పుడు ఫైలంతా ఒకే దెబ్బలో మార్చకండి. లిప్యంతరీకరణ కాలమ్‌లో చుక్కల లాటిన్ 'ఎ' (ä) ఉంటుంది, అది అక్షరం, చుక్కలు విడదీసిన రూపంలో ఉంటే అందులోనూ 776 ఉంటుంది, అదీ పాడైపోతుంది. ముందున్న అక్షరం 4608–4991 మధ్య ఉంటేనే మార్చండి (ఇథియోపిక్ ప్రధాన బ్లాకు అదే; అనుబంధ బ్లాకుల అక్షరాలు వాడితే వాటినీ కలపండి).

సెర్చ్ సంగతి. మామూలుగా అమ్హారిక్ రాసేవాళ్లు ఈ చుక్కలు పెట్టరు, అవి ఎక్కువగా నిఘంటువుల్లో, పాఠ్యపుస్తకాల్లో కనబడతాయి. అందుకని చూపించడానికి చుక్కలున్న కాలమ్, వెతకడానికి చుక్కలు తీసేసిన కాలమ్ విడివిడిగా ఉంచండి. తీసేటప్పుడు 4957, 4958, 4959 మాత్రమే తీయండి (మొదటి రెండూ 2010లో 6.0తో వచ్చినవి: ఒకటి ద్విత్వం, దీర్ఘం కలిపి చూపేది, రెండోది దీర్ఘం చూపేది). నెట్‌లో దొరికే 'యాక్సెంట్లు తీసేసే' కోడ్ యూనికోడ్‌లో ఎమ్ఎన్ (Mn, అక్షరానికి అతుక్కునే గుర్తులు) వర్గంలో ఉన్నవన్నీ తుడిచేస్తుంది. మన పొల్లు, గుడి, దీర్ఘం కూడా ఆ వర్గంలోవే. తెలుగు అర్థాల కాలమ్ మీద దాన్ని నడిపితే 'ఇల్లు' కాస్తా 'ఇలలు', 'నీళ్ళు' కాస్తా 'నళళు' అవుతాయి. బ్యాకప్ లేకపోతే వాటిని తిరిగి తెచ్చుకునే దారి ఉండదు.

చుక్కలు జారడం ఫాంటు పని. అక్షరం ఒక ఫాంటు నుంచి, గుర్తు ఇంకో ఫాంటు నుంచి వస్తే రెండూ కలిసి కూర్చోవు. 776 ఉన్నచోట తరచూ జరిగేది ఇదే, ఎందుకంటే ఇథియోపిక్ ఫాంటులో ఆ గుర్తుకి స్థానం నిర్ణయించి ఉండకపోవచ్చు. కోడ్ సరిచేశాక అబిస్సినికా ఎస్ఐఎల్ గానీ నోటో సాన్స్ ఇథియోపిక్ గానీ పెట్టి చూడండి. చుక్కల పైభాగం తెగిపోతుంటే లైన్ ఎత్తు 1.6 దాకా పెంచండి.