తాతగారి రివాల్వర్ నిషేధిత ఆయుధమా?

ప్రశ్న: మేం హైదరాబాద్ మలక్‌పేటలో ఉంటాం. మా తాతగారు రెండు నెలల క్రితం కాలం చేశారు. లైసెన్సు ఉన్న ఆయన రివాల్వర్, ఒక పాత ఖడ్గం ఇంట్లోనే ఉన్నాయి. ‘చిన్న రివాల్వరే, నిషేధిత ఆయుధం కాదు’ అంటున్నారు మా బాబాయి. నిజమేనా? ఇప్పుడేం చేయాలి?

జవాబు: ఆయుధం చిన్నదా పెద్దదా అన్నది చట్టానికి పట్టదు. అది ఎలా పేలుతుంది, అందులో ఏ తూటా పడుతుంది అన్నదే ముఖ్యం. ట్రిగ్గర్ నొక్కి పట్టుకున్నంతసేపూ వరసగా పేలే తుపాకులు, విషవాయువు చిమ్మేవి 1959 ఆయుధాల చట్టం ప్రకారం నిషేధితాలు. రివాల్వర్ అలా పేలదు కాబట్టి భయం లేదనుకోకండి. 2016 నాటి ఆయుధాల నిబంధనల షెడ్యూలులో సైన్యం, పోలీసుల తూటాలు పట్టే తుపాకులను కూడా మొదటి కేటగిరీలోనే, అంటే నిషేధితాల వరసలోనే పెట్టారు. .303, 7.62 రైఫిళ్లు, .380 లేదా .455 తూటాలు పట్టే రివాల్వర్లు, సర్వీసు 9 ఎం.ఎం. పిస్తోళ్లు ఇందులోకి వస్తాయి. వాడుకలో ‘ప్రొహిబిటెడ్ బోర్’ అనేది వీటినే (బోర్ అంటే తుపాకి గొట్టం లోపలి కొలత; .303 లాంటి అంకెలు దానివే). మామూలుగా లైసెన్సు మీద దొరికే .32 రివాల్వర్ మూడో కేటగిరీ. చేతిలో పట్టుకుంటే రెండింటికీ తేడా తెలియకపోవచ్చు.

అందుకే ముందు తాతగారి లైసెన్సు పుస్తకం తెరవండి. బోర్ ఎంతో అందులో రాసి ఉంటుంది. .32 అయితే హైదరాబాద్‌లో లైసెన్సు అధికారి పోలీసు కమిషనర్. .455 లాంటిదైతే వ్యవహారం కేంద్ర హోం శాఖ దాకా వెళ్తుంది. నిషేధిత ఆయుధాన్ని లైసెన్సు లేకుండా ఉంచుకుంటే శిక్ష 7 నుంచి 14 ఏళ్లు.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ రెండు నెలల జాప్యం. లైసెన్సు తాతగారిది, మీది కాదు. సెక్షన్ 21 ప్రకారం ఆయుధాన్ని అనవసర జాప్యం లేకుండా దగ్గరి పోలీసు స్టేషన్లోనో, లైసెన్సున్న డీలరు దగ్గరో డిపాజిట్ చేయాలి. దాన్ని సంచిలో వేసుకుని మీరే బయల్దేరవద్దు. తాతగారి మరణ ధ్రువపత్రం, లైసెన్సు నకలు జతచేసి ఇవాళే స్టేషన్‌కు లిఖితపూర్వకంగా తెలపండి, ఎలా అప్పగించాలో అడగండి. అప్పగించాక రసీదు తప్పనిసరిగా తీసుకోండి.

ఖడ్గం సంగతి వేరు. అది అయిదో కేటగిరీ. 9 అంగుళాలు మించిన పొడవు లేదా 2 అంగుళాలు మించిన వెడల్పు ఉన్న కత్తులూ అంతే. వంటకూ వ్యవసాయానికీ చేసినవి మాత్రం ఇందులోకి రావు. తుపాకి కాని ఆయుధాలకు సెక్షన్ 4 కింద ఆ ప్రాంతానికి నోటిఫికేషన్ ఉంటేనే లైసెన్సు కావాలి. మీ ప్రాంతం సంగతి స్టేషన్లో అదే లేఖలో అడగండి. జవాబు వచ్చేదాకా ఖడ్గాన్ని గడప దాటించకండి. ఊరేగింపులకు, పుట్టినరోజు కేకు కోయడానికి అసలే ఇవ్వకండి. అలాంటి వీడియోలు చూసి నగర పోలీసులు కేసులు పెట్టిన సందర్భాలున్నాయి.

రివాల్వర్ కుటుంబంలోనే ఉండాలనుకుంటే వారసుల్లో ఒకరు తమ పేర లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. మిగతా వారసుల అంగీకారం రాతపూర్వకంగా సిద్ధం చేసుకోండి. ఆయుధాల చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులే పరిమితి. వారసత్వంగా వచ్చినదీ ఆ లెక్కలోకే వస్తుంది. మీ బాబాయికి ఇప్పటికే రెండుంటే దరఖాస్తు ఇంకొకరు పెట్టాలి.