పాఠకుల ప్రశ్నలు: చలికి కమిలిన చిట్టి పాదాలు

ప్రశ్న: చిలీ కవయిత్రి గాబ్రియేలా మిస్త్రాల్ కవితలను ఇంగ్లీషులో ఇద్దరి అనువాదాల్లో చదివాను. ఒకే కవిత రెండు చోట్లా రెండు రకాలుగా ఉంది. నేను ఒక్క పుస్తకమే కొనగలను. ఏది కొనాలి? కొన్ని కవితలను తెలుగు చేయాలని కూడా ఉంది. స్పానిష్ రాని నేను ఆ పని చేయవచ్చా?
– ఒక ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: మీరు బడిలో పాఠాలు చెబుతారని చదవగానే మనసు నిండిందమ్మా. మిస్త్రాల్ కూడా పంతులమ్మే. 1889లో ఎల్కీ లోయలో పుట్టి, పదిహేనేళ్ల వయసుకే పల్లె బడిలో సహాయకురాలిగా చేరారు. 1945లో లాటిన్ అమెరికాకు తొలి సాహిత్య నోబెల్ తెచ్చింది ఆమే. అయినా సొంత దేశం జాతీయ సాహిత్య పురస్కారం ఇచ్చింది 1951లో. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

ఇంగ్లీషులో మూడు పుస్తకాలు ముఖ్యమైనవి. ఆమె కన్నుమూసిన 1957లోనే వచ్చిన అమెరికా కవి లాంగ్‌స్టన్ హ్యూస్ అనువాదం, ఆమె చివరి ఏళ్లలో తోడున్న డోరిస్ డేనా 1971లో తెచ్చినది, నవలాకారిణి అర్సులా లె గ్విన్ 2003లో తెచ్చినది. మూడూ ఎంపిక చేసిన కవితలే, సమగ్ర సంపుటాలు కావు. మీరు లె గ్విన్ పుస్తకం కొనండి. అందులో అనువాదం పక్కనే స్పానిష్ మూలం ఉంటుంది. అర్థం తెలియకపోయినా మూలాన్ని పైకి చదవండి. స్పానిష్ దాదాపు రాసినట్టే పలుకుతారు, మాటలు మన తెలుగులోలాగే చాలావరకు అచ్చులతో ముగుస్తాయి. మా మనవరాలిని ఒళ్లో వేసుకుని మిస్త్రాల్ జోలపాట ఒకటి స్పానిష్‌లోనే చదివాను. అందులో సముద్రం అలలను ఊపుతుంది, తల్లి బిడ్డను ఊపుతుంది. రెండింటికీ ఒకే క్రియ. ఆ ఊపు నాకు చెవికి అందాకే అర్థమైంది.

హ్యూస్ పుస్తకం గ్రంథాలయంలో దొరికితే వదలకండి. మిస్త్రాల్‌కు 1914లో బహుమతి తెచ్చి పేరు నిలబెట్టిన మృత్యు సానెట్లు (చావు మీద రాసిన పద్నాలుగేసి పంక్తుల కవితలు) అందులో లేవు. ప్రాసతో కూడిన ఆ సరళమైన సంగీతం పోతే అర్థమూ పోతుందని, అందుకే వాటిని ముట్టుకోలేదని ఆయన ముందుమాటలో చెప్పుకున్నారు. ఆ నిజాయతీకి నేను దండం పెడతాను.

ఇక తెలుగు సంగతి. మంచులో చెప్పులు లేకుండా నడిచే పిల్లల మీద ఆమె రాసిన ‘పియెసెసీతోస్’ తీసుకోండి. పాదం అనే మాటకే ముద్దు ప్రత్యయం తగిలిస్తే వచ్చిన పేరు అది. ఇంగ్లీషులో ‘టైనీ’ అంటే కొలత మాత్రమే తెలుస్తుంది. మన ‘చిట్టి’లో కొలతతో పాటు ముద్దూ ఉంది. ఇక్కడ మీదే పైచేయి. కానీ ఆ వెంటనే ఒక గొయ్యి ఉంది. చలికి ఆ పాదాలు నీలబడ్డాయని ఆమె అంటారు. ‘నీలి పాదాలు’ అని రాశారో, తెలుగు పాఠకుడి కళ్ల ముందు కృష్ణుడు నిలబడతాడు, చలి మాయమవుతుంది. ‘కమిలిన’ అంటే ఆ నొప్పి నిలుస్తుంది. ఇలాంటి చోట ఇంగ్లీషు మిమ్మల్ని ఆదుకోదు, మీ చెవే ఆదుకోవాలి. తప్పకుండా చేయండి. ‘ఇంగ్లీషు ద్వారా’ అని కింద రాయండి, స్పానిష్ తెలిసిన ఒకరికి చూపించండి.

ప్రశ్న: ఆమెకు మన దేశంతో ఏమైనా సంబంధం ఉందా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఉంది. 1922లో న్యూయార్క్‌లో అచ్చయిన ఆమె తొలి పుస్తకం ‘దెసొలసియోన్’లో రవీంద్రనాథ్ ఠాగూర్ కవితల మీద రాసిన వచన వ్యాఖ్యలున్నాయి.