కనుపాప చుట్టూనా, నల్లగుడ్డు అంచునా?

సందేహం: విల్సన్ వ్యాధి గురించి ఒక ఆరోగ్య వ్యాసంలో “రోగి కనుపాప చుట్టూ రాగి వలయం ఏర్పడుతుంది” అని చదివాను. మరొకచోట “నల్లగుడ్డు అంచున” అని ఉంది. రెండూ ఒకటేనా?

సమాధానం: ఒకటి కావు; “నల్లగుడ్డు అంచున” అన్నదే సరైన ప్రయోగం. కనుపాప అంటే నల్లగుడ్డు నడుమ, వెలుతురును బట్టి చిన్నదీ పెద్దదీ అయ్యే రంధ్రం. వాడుకలో నల్లగుడ్డు మొత్తాన్నీ కనుపాప అనేవారున్నారు. “కంటిపాపలా చూసుకున్నాడు” వంటి చోట్ల దానివల్ల చిక్కేమీ లేదు గాని, రోగలక్షణం ఎక్కడ కనిపిస్తుందో చెప్పే వాక్యంలో ఆ సడలింపు పనికిరాదు.

పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల ఈ వ్యాధిలో కాలేయం అదనపు రాగిని పైత్యరసంతో బయటికి పంపలేదు. అది కాలేయంలోనూ మెదడులోనూ కంటిలోనూ పేరుకుంటుంది. కంటిలో చేరేది నల్లగుడ్డును కప్పి ఉండే పారదర్శకమైన కార్నియా లోపలి వైపున, డెసిమెట్ అనే పలుచని పొరలో, తెల్లగుడ్డుకు ఆనుకున్న అంచు వెంబడి. మొదట పైన, తరవాత కింద నెలవంకల్లా మొదలై, చివరికి పక్కలు కలిసి వలయమవుతుంది. 1902లో కైజర్, 1903లో ఫ్లైషర్ అనే కంటి వైద్యులు వర్ణించినందున దీన్ని కైజర్–ఫ్లైషర్ వలయం అంటారు. విల్సన్ ఈ వ్యాధిని వివరించింది 1912లో.

“రాగి వలయం” అన్న సమాసమూ నాకు నచ్చలేదు. రాగి చెంబు అంటే రాగితో చేసినది, రాగి జుట్టు అంటే ఆ రంగుది. ఈ వలయం రాగితో చేసినదీ కాదు, చాలాసార్లు రాగిరంగుదీ కాదు; బంగారు ఛాయ గల గోధుమరంగు నుంచి ఆకుపచ్చ దాకా ఉంటుంది. “రాగి పేరుకుని ఏర్పడిన వలయం” అని విడమరిచి రాయడమే మేలు. కార్నియాను శుక్లపటలం అని రాసేవారు మరింత జాగ్రత్తపడాలి, ఎందుకంటే మన జనానికి శుక్లం అంటే కంటిలోని కటకం (లెన్సు) మసకబారడమే; పైగా ఈ వ్యాధిలోనే కొందరికి కటకం మీద రాగి చేరి పొద్దుతిరుగుడు పువ్వు ఆకారంలో శుక్లం వస్తుంది.

ఇక క్రియ సంగతి. కాలేయ లక్షణాలు మాత్రమే ఉన్న రోగుల్లో చాలామందికి ఈ వలయం ఉండదు కనుక “ఏర్పడుతుంది” అనకుండా “ఏర్పడవచ్చు” అనాలి. మనలో ఎక్కువమందివి ముదురు గోధుమరంగు కళ్లు. వలయం ఉన్నా ఆ రంగులో కలిసిపోయి మామూలు చూపుకు అందదు; సన్నని వెలుగుపట్టీ వేసి కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంప్ అనే పరికరంతో చూడాలి. అందుచేత “స్లిట్ ల్యాంప్ పరీక్షలో నల్లగుడ్డు అంచున, రాగి పేరుకుని ఏర్పడిన వలయం కనిపించవచ్చు” అని రాస్తే భాషా, విషయమూ రెండూ సరిపోతాయి.