సమాధానం: 1870లోనే సవరణ వస్తే 1965 చట్టం ఎందుకు?

మీ అమ్మాయి స్కూలు ప్రాజెక్టులో వచ్చిన చిక్కు అర్థమైందండీ. అమెరికా రాజ్యాంగానికి 15వ సవరణ 1870లోనే నల్లజాతివాళ్ళకి ఓటు ఇచ్చేస్తే, 1965లో మళ్ళీ ఓటు హక్కుల చట్టం ఎందుకని కదా?

తిరకాసంతా ఆ "ఇచ్చేస్తే"లోనే ఉంది. ఆ సవరణ ఎవరికీ నేరుగా ఓటు ఇవ్వలేదు. జాతి, రంగు, ఒకప్పటి బానిసత్వం కారణంగా పౌరుల ఓటును కాదనకూడదంది, అంతే. మరి వేరే సాకు చూపిస్తే? దక్షిణాది రాష్ట్రాలు దూరిన సందు అదే. ఓటు పన్ను కట్టమన్నారు, చదవడం రాయడం వచ్చా అని పరీక్ష పెట్టారు. పేద తెల్లవాళ్ళూ అందులో తప్పుతారుగా! అందుకని ఓక్లహోమాలో ఓ మినహాయింపు పెట్టారు: 1866 జనవరి 1 నాటికి ఓటున్నవాళ్ళ వారసులకి పరీక్ష అక్కర్లేదట. బానిసల మనవళ్ళకి ఓటున్న తాత ఎక్కడ దొరుకుతాడు? మన "తాతలు నేతులు తాగారు" సామెతనే చట్టం చేసినట్టుంది. 1915లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. పరీక్షలు మాత్రం మిగిలాయి.

సవరణలోని రెండో సెక్షన్ దాని అమలుకి చట్టాలు చేసే అధికారం కాంగ్రెస్‌కి, అంటే అమెరికా పార్లమెంటుకి, ఇచ్చింది. ఆ పరీక్షల్ని ఆపించిన 1965 చట్టం ఆ అధికారంతో వచ్చిందే. మిసిసిపీలో నల్లజాతివాళ్ళ ఓటరు నమోదు సుమారు 7 శాతం నుంచి 1967 కల్లా 60 శాతం దగ్గరికి చేరింది.

చార్టులో "ఓటు హక్కు ఇచ్చింది" కొట్టేసి, "జాతి పేరుతో నిరాకరించకూడదంది" అని రాయించండి. ఆడవాళ్ళ సంగతి వేరు, అది 1920 నాటి 19వ సవరణ.