అందరి బంతిలో మీ కంచం ఏది అక్కా?

అనంతపురం నుంచి 56 ఏళ్ల అక్క ఒకరు రాసినారు. ఐదేళ్ల కింద తెలిసిన ఏడు కుటుంబాలు కలిసి ఊరి బయట స్థలం కొని, ఎవరి ఇల్లు వాళ్లు కట్టుకుని, మధ్యలో ఒక హాలు, పెద్ద వంటిల్లు పెట్టుకున్నారంట. వారంలో నాలుగు రాత్రులు అందరూ ఒకచోటే తినాలని మాట. ఇప్పుడు వంటంతా ఈమె మీద, ఇంకో ఇద్దరి మీదే పడింది. మొన్న ఒకాయన "ఈ రోజు సంగటి మెత్తగా అయిందే" అన్నాడని మూడు వారాలుగా ఈమె హాలుకు పోవడం లేదు, భర్త మాత్రం పోయి తినొస్తున్నాడు. ఇల్లు అమ్మేసి బెంగళూరులో కొడుకు దగ్గరికి పోదామా అని అడుగుతున్నారు.

అక్కా, మీరు సంగటి మాటతోనే మొదలుపెట్టినారు గానీ నాకు పట్టుకున్నది చివర్లో తేలిగ్గా రాసి వదిలేసిన మాట. అందరూ లేచినాక అడుగున పెచ్చు కట్టిన సంగటి ఇంత చెనిక్కాయ చట్నీతో నిలబడే తిని, గిన్నె నానబెట్టి ఇంటికొస్తా అన్నారు. అంటే ఐదేళ్లుగా ఆ బంతిలో మీరు కూర్చోనే లేదు. వాళ్లకది కలిసి తినడం, మీకది జీతం లేని మెస్సు. ఆ పెద్దమనిషి నోరు జారకపోయినా ఇంకో రోజు పప్పులో ఉప్పు దగ్గర ఇది పగిలేదే.

ఇట్లాంటి కాలనీలు ఇప్పటి పద్ధతిలో మొదలైంది డెన్మార్క్‌లో, 1972లో సెట్టెడామెన్ అనే చోట 27 ఇళ్లతో. అక్కడా ఎవరి వంటిల్లు వాళ్లకుంటుంది, కలిసి తినేది దాని మీద అదనం, ఇష్టమైతే పోతారు లేకుంటే లేదు. కానీ ఇట్లాంటి చోట్ల వంట ఎవరికి వీలైతే వాళ్లు చేస్తారులే అని వదిలెయ్యరు, వంతులు రాసుకుంటారు, మగవాళ్ల పేర్లూ ఉంటాయి. మీరు ఇళ్లు, హాలు, బోరు అన్నీ లెక్కగా రాసుకుని వంట ఒక్కటీ ప్రేమ మీద వదిలేసినారు, ప్రేమ ఎప్పుడూ ఆ ముగ్గురు ఆడవాళ్లకే ఎక్కువుంటుంది కదా!

మీరు పద్నాలుగు మంది పెద్దవాళ్లు, ఇద్దరిద్దరు చేస్తే ఏడు జతలు, వారానికి నాలుగు రాత్రులంటే ఒక్కో జతకు పన్నెండు రోజులకోసారి వస్తుంది, అంతే. జత అంటే మాత్రం మొగుడూ పెళ్లాం కాదక్కా, అట్ల పెడితే ఆమె వండుతుంది, ఆయన ఉల్లిగడ్డలు తెచ్చిచ్చి వరండాలో కూర్చుంటాడు. వేరే ఇంటి వాళ్లతో కలపండి. సంగటి రాకపోతే ఉగ్గాని చేస్తారు, బొరుగులు నానబెట్టి పిండుకోవడం రాని మనిషి అనంతపురంలో ఉంటాడా, నేనైతే నమ్మను.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోవద్దు. వేరేవాళ్లు కెలికితే ఉండలు కడుతుందని తెడ్డు మీరే లాక్కుంటారని మీ ఉత్తరంలోనే ఉంది. ఉండలు కట్టనీండి.

ఇంకోటి, మీ ఆయన హాలులో "ఆమెకు మోకాళ్ల నొప్పులు" అని చెప్తున్నాడంట కదా, ఇంక ఎవరూ వచ్చి అడగలేదని బాధపడి ఏం లాభం, మీరు అలిగినట్టు వాళ్లకు తెలిస్తే కదా. ముందు ఆయన్ను ఆ అబద్ధం మానమనండి. ఆ చివరింటి జేజి ఓళిగలు పంపిందన్నారు, ఆ గిన్నె ఇంకా మీ ఇంట్లోనే ఉండుంటుంది, అది ఇచ్చే సాకుతో పోయి ఉన్నది ఉన్నట్టు ఆమెకు చెప్పండి. వాట్సాప్‌ గ్రూపులో మాత్రం ఒక్క ముక్క రాయొద్దు, అక్కడ రాస్తే పంచాయితీ అయిపోతుంది. తర్వాత జేజిని పక్కన పెట్టుకుని అందరి ముందు వంతుల కాగితం తీయండి. ఒప్పుకోకపోతే నాలుగు రాత్రులు రెండు చేయమనండి, రెండు నెలలు చూసి అప్పటికీ కుదరకపోతే ఇల్లు సంగతి ఆలోచిద్దాం. కొడుకు రమ్మన్నాడని మీరు ఎక్కడా రాయలేదు కూడా.

వంతులు మొదలైన మొదటి రాత్రి మీ పేరు లేకుండా చూసుకోండి. వంటింటి వైపు పోకుండా అందరికంటే ముందే పోయి కంచం ముందర పెట్టుకుని కూర్చోండి, ఎవరన్నా వడ్డిస్తారు.